నడిమి ఆకులు

"బంగారానికి గీటురాయి ఉంది. వాక్యానికి ఏముందయ్యవారూ?" అన్నాడు ఇన్నాసయ్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి వెనక సందులో ఉంది అతని కుట్టుమిషను. పాస్టరు దైవాధీనం ముప్పై ఏళ్లుగా అక్కడే చొక్కాలు కుట్టించుకుంటున్నాడు. చొక్కా ఒక వంక. అసలు పని వాదన. ఇన్నాసయ్య రోమన్ కతోలిక్కు. అతని బైబిల్లో డెబ్బై మూడు పుస్తకాలు. దైవాధీనం ప్రొటెస్టెంటు. ఆయన బైబిల్లో అరవై ఆరు. ఆ ఏడు పుస్తకాలను చెరోవైపు పట్టుకొని లాగుతూనే ఇద్దరికీ తల నెరిసింది.

"మీ ఏడింట్లో ఒకదాని చివర, రాసినాయన ఏమన్నాడో చూసినావా?" అన్నాడు దైవాధీనం. "నాకు చేతనైనంత రాసినా, బాగలేకుంటే మన్నించండి అన్నాడు. దేవుడు రాయిస్తే ఆయప్ప మన్నించమని అడుగుతాడా? అదే గీటురాయి. రాసినోడే ఇది నాది అంటే, ఇంక దేవునిది యాడైతాది?"

"వినయంగా ఉంటే తప్పా సామీ? మీవాళ్లు ఆ సాకు పెట్టుకొని ఏడు పుస్తకాలు చింపేసినారు."

"మీవాళ్లు ఏడు అతికించుకున్నారు."

ఎన్నిసార్లు అనుకున్నా ఆ రెండు మాటలకూ ఇద్దరూ నవ్వుతారు. ఈసారి దైవాధీనం నవ్వి, జేబులోంచి ఒక కార్డు తీశాడు. జమ్మలమడుగు అవతల ఎర్రబావిపల్లె సంఘ పెద్ద రాసిన కార్డు అది. తమ గుడిలోని పాత బైబిలు నడుమ చేతిరాత ఆకులు కొన్ని కుట్టి ఉన్నాయనీ, జనం వాటిని కూడా దేవుని వాక్యమని నమ్ముతున్నారనీ, అయ్యవారు వచ్చి చూసి, అవి వాక్యమో కాదో ఆదివారం నలుగురిలో తేల్చి చెప్పాలనీ అందులో ఉంది.

ఇన్నాసయ్య కార్డును రెండుసార్లు చదివాడు. నవ్వు పోయింది.

"ఎలక్షన్లు ఆరు వారాల్లో పెట్టుకొని ఆ పక్కకు ఎవరన్నా పోతారా?"

"నేను ఓట్లకు పోవడంలా. వాక్యానికి పోతాండా."

"ఆ ఊర్లో రెండూ ఒకటే అంట సామీ."

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. దైవాధీనానికి యాభై ఎనిమిదేళ్లు. 'అరవై ఏడో పుస్తకం లేదు' అని ఆయన అచ్చు వేయించిన కరపత్రం మైదుకూరు నుంచి పులివెందుల దాకా తిరిగింది. ఇలాంటి పిలుపు కోసమే ఆయన ఎదురు చూస్తున్నాడు.

శనివారం పొద్దున జమ్మలమడుగులో బస్సు దిగేసరికి ఆయన కోసం జీపు సిద్ధంగా ఉంది.

"ఎవరు పంపినారప్పా?"

"పైమిద్దె నారపరెడ్డి," అన్నాడు డ్రైవరు.

ఒక పాస్టరుకు నారపరెడ్డి జీపు ఎందుకు పంపాడో దైవాధీనానికి అంతు పట్టలేదు. ఆ రెడ్డి పేరు విననివారు ఆ తాలూకాల్లో లేరు. నెలలో సగం రోజులు పులివెందులలో, సగం రోజులు ఊళ్లో ఉంటాడు. పార్టీలు మారినా వర్గం మారని మనిషి.

ఎర్రబావిపల్లె నల్లరేగడి నేలలో ఉంది. గోడలు నాపరాయి, కప్పులు నాపరాయి, చేల గట్ల మీద నిలబెట్టినవీ నాపబండలే. ఊరి మొదట్లో రెండు టీ అంగళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక అంగట్లో తాగేవాళ్లు రెండో అంగట్లో తాగరు. రెండింటికీ సమదూరంలో, పల్లె మొదట్లో, గంట లేని చిన్న గుడి.

తలుపు తీసింది సుశీలమ్మ. అరవై దాటిన మనిషి. గుడి ఊడ్చేదీ, దీపం పెట్టేదీ, చదువు రానివాళ్లకు వాక్యం చదివి వినిపించేదీ ఆమే. దైవాధీనానికి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి పెట్టి, తిన్నంతసేపూ ఎదురుగా నిలబడి ఆయన ముఖమే చూసింది. ఆ తర్వాత చెక్కపెట్టె తెరిచి పుస్తకం తీసుకొచ్చింది.

అది పాతకాలపు పెద్దక్షరాల బైబిలు. అట్ట ఊడిపోయి తోలుముక్కతో కట్టి ఉంది. పాత నిబంధన ముగిసిన చోట, కొత్త నిబంధన మొదలు కాకముందు, ముతక కాగితాలు ఇరవై దాకా గోనె దారంతో కుట్టి ఉన్నాయి. సిరా గోధుమరంగుకు తిరిగింది.

"నడిమి ఆకులు అంటాం," అంది సుశీలమ్మ. "నూరేండ్ల నాటి ధాత కరువులో ఈడ లాజరు అనే ఉపదేశి ఉండె. చచ్చినోళ్లను పూడ్చేకి మనుషులు లేకుంటే ఆయప్ప ఒక్కడే పూడ్చినాడంట. పూడ్చి పూడ్చి, ఒక్కొక్కరి పేరూ రాసి పెట్టినాడు."

దైవాధీనం కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు.

మరియమ్మ. నాలుగేండ్లు. తల్లి రొమ్ము మీద.

దావీదు. డెబ్బై. గంజి తాగినాక.

ఆశీర్వాదం. ఇరవై. తంగేడు పూలు తిని.

పేజీ తర్వాత పేజీ అంతే. పేరు, వయసు, చావు. దేవుడు చెప్పాడని ఒక్క మాట లేదు. ఆజ్ఞ లేదు, వాగ్దానం లేదు, కనీసం ఒక ప్రార్థనైనా లేదు. పావుగంటలో ఆయన తేల్చేశాడు. ఇది వాక్యం కాదు. ఒక మంచివాడి దుఃఖం. ఆ మాటే నోటుపుస్తకంలో రాసుకొని, రేపటి ప్రసంగానికి దాన్నే మొదటి వాక్యంగా అనుకున్నాడు కూడా.

"దీన్ని వాక్యమని ఎందుకు నమ్ముతాండారు తల్లీ?"

"ఒట్టు పెట్టేది దీని మీదే కదయ్యవారూ."

"బైబిలు మీదే పెట్టొచ్చు కదా? చేతిలోనే ఉందే."

"బైబిలు మీద పెడితే ఏం లాభం?" అంది సుశీలమ్మ, తెలియనివాడికి చెప్పినట్టు. "ఆ దేవుడు క్షమిస్తాడు. ఈ ఆకులు క్షమించవు."

దైవాధీనానికి నవ్వు రాబోయి ఆగిపోయింది. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఇంత తప్పైన మాట వినలేదు. ఇంత జాగ్రత్తగా ఆలోచించి చేసుకున్న తప్పూ చూడలేదు.

అప్పుడు ఆమె మిగతాది చెప్పింది. ఐదేళ్ల కిందట ఊరి బావి దగ్గర ఆమె పెద్దకొడుకు సామేలు మీదికి జీపు ఎక్కించి చంపారు. అతను నారపరెడ్డి వర్గం. దానికి బదులుగా అవతలి వర్గంలో రెండు తలలు తెగాయి. పోలీసులు, పెద్దలు కూర్చొని రాజీ కుదిర్చారు. పల్లెలో బాంబులు పట్టే మగవాళ్లు పన్నెండు మంది, ఈ వర్గం ఆరుగురు, ఆ వర్గం ఆరుగురు, వరసగా వచ్చి నడిమి ఆకుల మీద కుడిచెయ్యి పెట్టి, ఇక బాంబు ముట్టం అని ఒట్టు వేశారు. ఆ పన్నెండు మందిలో ఆమె చిన్నకొడుకు ఏసోబు ఒకడు.

"ఐదేండ్లాయె. ఒక్కడన్నా ముట్టలేదు," అంది. "ఈపక్క ఆరుగురు లేస్తే ఆపక్క ఆరుగురు ఊరికుంటారా? నాకు ఒక్కడే మిగిలినాడయ్యవారూ."

గుమ్మంలో నీడ పడింది. పొడుగాటి మనిషి, పంచె ఎగ్గట్టి ఉన్నాడు. లోపలికి రాకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"ఈయనేనా మా?" అన్నాడు తల్లితో. తర్వాత దైవాధీనం వైపు తిరిగి, "నేనే ఏసోబును. బాంబు చుట్టేదాంట్లో నా అంత చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు సామీ. గొప్పకు చెప్పుకోవడంలా. అదే నా ఖర్మ. నేను చుడితే ఒక్కటి కూడా తుస్సుమనదు," అన్నాడు. కుడిచెయ్యి ముందుకు చాపి తిప్పి చూపించాడు. "చుట్టేవాళ్లలో ఐదు వేళ్లూ ఉండేది నా ఒక్కనికే."

"నారపరెడ్డి మళ్లీ చుట్టమంటాండాడా?"

"ఎలక్షన్లు కదా. నేను కాదంటి. ఒట్టుంది సామీ అంటి. ఆయప్ప కూడా ఒట్టుకు భయపడతాడు. ఏమీ అనకుండా పాయ. ఒట్టు లేదనుకో, ఆయప్ప ముందర నిలబడి కాదు అనేకి నాకు ఇంకేముంది? ఆయప్ప చేలో కూలి చేసి బతుకుతాండాం." అతను లేచాడు. "ఆ కార్డు మా సంఘ పెద్ద రాసింది కాదు సామీ. ఆ రెడ్డే రాపిచ్చింది. నీకు తెలిసే వచ్చినావేమో అనుకుంటి."

దైవాధీనం చేతిలోని నోటుపుస్తకం మూశాడు.

రెండు గంటలప్పుడు నారపరెడ్డి తానే వచ్చాడు. చెప్పులు మెట్టు కింద విడిచి, గుడి బయటి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లబట్టలు, సన్నని గొంతు, అలసిపోయిన కళ్లు.

"నీ కరపత్రం చదివించుకున్యా అయ్యవారూ. అరవై ఆరు పుస్తకాలు, అరవై ఏడోది లేదు అని రాసినావు. శానా బాగ రాసినావు. ఆ మాటే రేపు ఈడ చెప్పు."

"ఎందుకు చెప్పమంటాండారో నాకు తెలిసింది."

"తెలిస్తే మంచిదే. నేనేమన్నా అబద్ధం చెప్పమంటాండానా? నీ నోటితో నువ్వు ముప్పై ఏండ్లు చెప్పిన నిజమే చెప్పమంటాండా."

"కాగితం ఏదైనా ఒట్టు ఒట్టేనండీ. చెత్తకాగితం మీద చెయ్యి పెట్టి వేసినా దేవుడు విన్నాడు. అది కూడా చెప్తా."

నారపరెడ్డి జాలిగా చూశాడు. "చెప్పు. ఎవరు ఇంటారు? వీళ్లు ఒట్టు పెట్టింది నీ దేవుని మీద కాదు అయ్యవారూ. ఆ ఆకుల మీద. ఆకులు వాక్యం కాదు అని నువ్వు ఒక్క ముక్క అంటే, నీ రెండో ముక్క వినేకి ఎవరూ కూసోరు." లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "ఏసోబు తల్లి రొట్టె పెట్టింటాది. తిన్న రొట్టెకు నిజం మార్చే మనిషివి కాదు అని విన్యా. అందుకే నిన్నే పిలిపిస్తి."

ఆ మాట దైవాధీనానికి బెదిరింపు కన్నా బలంగా తగిలింది. ఎందుకంటే అది నిజం.

సుశీలమ్మ ఇంటికి వెళ్లాక ఆయన గుడిలో ఒక్కడే మిగిలాడు. బయట ఎండ తెల్లగా ఉంది. పైనున్న చిన్న కిటికీ లోంచి ఒక వెలుగు పలక వచ్చి పుస్తకం మీద పడింది. ఊళ్లో ఎక్కడా చప్పుడు లేదు. కుక్కలు కూడా మొరగడం లేదు.

ఏదైనా దారి దొరుకుతుందేమోనని ఆకులు మళ్లీ మొదటినుంచి తిప్పాడు. చివరి ఆకు దగ్గర వేలు ఆగింది. అది మిగతావాటి కన్నా మందంగా ఉంది. ఎత్తి వెలుగుకు పట్టాడు. అది ఒక ఆకు కాదు, రెండు. ఎప్పుడో తడిసి అంచుల వెంట అతుక్కుపోయాయి. ఇన్నేళ్లుగా ఎవరూ విప్పలేదు. పెన్సిలు చెక్కుకునే చాకు తీసి, అంచు వెంట మెల్లగా కోశాడు. పాత పెంకు విరిగినట్టు చిన్న చప్పుడై ఆకులు విడిపోయాయి.

లోపల అదే చేతిరాత, అదే గోధుమరంగు సిరా.

'ఈ ఆకులు దేవుడు రాయించినవి కావు. పూడ్చినవాడను నేను. మరవకూడదని రాసుకొన్నాను. వీటిని గుడిలో చదవవద్దు. ఇట్లు లాజరు, ధాత సంవత్సరము.'

దైవాధీనం గుండె ఒక్కసారి ఎగిసింది. పండితుడి సంతోషం అది, సిగ్గుపడాల్సిన సంతోషం. ఇన్నాసయ్యకు చెప్పిన గీటురాయి ఇదే. రాసినవాడే ఇది నాది అన్నాడు. ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. ఈ ఒక్క కాగితం రేపు ఎత్తి చూపిస్తే వాదన అయిపోతుంది. దానితో పాటు ఒట్టూ అయిపోతుంది.

సంతకం కింద ఇంకా వరసలు ఉన్నాయి. ఆయన చూపు వాటి మీదికి జారింది.

యోనా. నలభై ఐదు. చెనిక్కాయల చేలో, కొడవలితో.

రూబేను. ఇరవై నాలుగు. పులివెందుల బస్టాండులో.

సామేలు. ముప్పై రెండు. బావికాడ, జీపు కింద.

మూడో వరస చదివి, మళ్లీ రెండోది చదివి, మళ్లీ మూడోదానికి వచ్చాడు. ధాత కరువు వచ్చి నూరేళ్లు దాటింది. లాజరు బతికిన రోజుల్లో బస్టాండు లేదు. జీపు అన్న మాటే లేదు.

ఎవరో తర్వాత రాశారు, అనుకున్నాడు. అనుకొని, వేలు తడి చేసి 'జీపు' మీద రుద్దాడు. సిరా కదలలేదు. కాగితాన్ని ఏటవాలుగా వెలుగుకు పట్టాడు. ఎన్నడో ఒక పురుగు రెండు ఆకులనూ కలిపి తొలిచిన సన్నని బొక్క ఆ మాట మీదుగానే వెళ్లింది. మొదటి అక్షరాన్ని సగం తిని, కింది ఆకులోకి దిగింది. పురుగు తినేనాటికే ఆ మాట అక్కడ ఉంది. ఆకులు అతుక్కునేనాటికే ఉంది. వాటిని విప్పింది తానే, ఇప్పుడే, ఈ చాకుతోనే.

చెమట పట్టిన చేతిని పంచెకు తుడుచుకొని, నాలుగో వరస చదివాడు.

ఏసోబు. ముప్పై.

అంతే. తర్వాత ఏమీ లేదు. కాగితం ఖాళీగా ఉంది.

దాని కింద ఇంకో పదకొండు పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు పక్కన వయసు ఉంది. వయసు పక్కన ఖాళీ. పన్నెండు పేర్లు, పన్నెండు ఖాళీలు.

సాయంత్రం సుశీలమ్మ మంచినీళ్లు తెచ్చేసరికి ఆయన పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చొని ఉన్నాడు.

"తల్లీ, ఏసోబు వయసెంత?"

"ఆగస్టుకు ముప్పై నిండె. ఏమయ్యవారూ?"

"యోనా, రూబేను అని ఎవరన్నా ఉండిరా ఈ ఊర్లో?"

ఆమె చెంబు కింద పెట్టింది. "ఉండిరి. యోనాను నరికినారు, చెనిక్కాయలు పీకేప్పుడు. రూబేను పులివెందులకు పోయి తిరిగి రాలేదు. వాళ్లు చచ్చి శానా ఏండ్లాయె. మీకెవరు చెప్పినారు?"

ఆయన పుస్తకాన్ని చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. లాజరు మాట నమ్మాలంటే ఈ ఆకులు దేవుడివి కావు. కింది వరసలు నమ్మాలంటే అవి మనిషివి కావు. రెండూ ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఏ గీటురాయి మీద గీసినా ఒక సగం బంగారంలా మెరుస్తోంది, ఇంకో సగం నల్లగా మిగులుతోంది. ఒక్కటి మాత్రం స్పష్టంగా ఉంది. తాను రేపు చెప్పే మాటను బట్టి ఆ ఖాళీ నిండుతుంది.

తెల్లవారుతూనే గుడికి వెళ్లి, పెట్టె తెరిచి, చాకుతో ఆ చివరి ఆకును కుట్టు దగ్గర కోశాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మీవాళ్లు చింపేసినారు అన్న ఇన్నాసయ్య గొంతు చెవి పక్కనే వినిపించింది.

ఆదివారం గుడి నిండింది. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. మగవాళ్లలో ఒక వర్గం కుడి గోడకు, ఇంకో వర్గం ఎడమ గోడకు ఆనుకొని కూర్చున్నారు. నడుమ ఒక మనిషి నడిచేంత దారి. గుమ్మం బయట నారపరెడ్డికి కుర్చీ వేశారు. ఆయన వెనక నలుగురు నిలబడ్డారు.

దైవాధీనం బైబిలు నడుమకు తెరిచి బల్ల మీద పెట్టాడు. ప్రసంగం రాసుకున్న నోటుపుస్తకాన్ని తెరవకుండా పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లలో అలా జరగడం అదే మొదలు.

"అయ్యవారూ," అంది బయటినుంచి సన్నని గొంతు. "పొడుగు ప్రసంగాలు మాకు అర్థం కావు. ఆ ఆకులు మీ దేవుని వాక్యమా, కాదా? ఒక్క ముక్క చెప్పు, చాలు."

కుడిగోడ పక్కన ఏసోబు తల వంచుకొని కూర్చున్నాడు. అతని కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. దైవాధీనం చూపు ఆ ఐదు వేళ్ల మీద నిలిచిపోయింది.

"అవును," అన్నాడు.

"ఏంది అవును?"

"వాక్యమే."

ఆ మాట అన్న క్షణంలో జేబులోని ఆకు కదిలింది. నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు, గుండెకు ఆనుకొని, ఒక్కసారి. గాలి లేదు. చొక్కా కదలలేదు. ఆయనకు మాత్రమే తెలిసింది.

నారపరెడ్డి కుర్చీలోంచి లేచాడు. "పొద్దుటూర్లో ఒక మాట, ఈడ ఒక మాటా అయ్యవారూ?"

"ఈడికొచ్చి చదివినాక చెప్తాండా రెడ్డీ. దీని మీద పెట్టిన ఒట్టు తప్పితే విడిపించేకి నా చేతిలో ఏమీ లేదు. మీ చేతిలోనూ లేదు. మీకు సందేహముంటే లోపలికి రండి. మీరే దీని మీద చెయ్యి పెట్టి, ఇది వట్టి కాగితం అని చెప్పండి. నేను నా మాట వెనక్కు తీసుకుంటా."

జనం తలలు ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి. ఎడమ గోడ వర్గం కూడా చూసింది, కుడి గోడ వర్గం కూడా చూసింది. నారపరెడ్డి గుమ్మం దాకా వచ్చాడు. తెరిచిన పుస్తకాన్ని చూశాడు. కాలు ఎత్తలేదు.

"నీ కరపత్రం, నువ్వీడ చెప్పిన మాట, రెండూ మీ పెద్దలకు పంపిస్తా," అన్నాడు చివరికి నారపరెడ్డి.

"పంపించండి."

"ఏసోబూ, లెయ్ రా. పోదాం."

ఏసోబు తల ఎత్తాడు. "ఒట్టుంది సామీ," అన్నాడు. ఐదేళ్లుగా చెప్పిన మాటే. కానీ ఈసారి అతని వెనక కూర్చున్న ఐదుగురూ, ఎదురు గోడకు కూర్చున్న ఆరుగురూ అదే మాట గొణిగారు.

తిరుగు ప్రయాణానికి జీపు రాలేదు. ఏసోబే సంచి మోస్తూ జమ్మలమడుగు రోడ్డు దాకా వచ్చాడు. దారి పొడుగునా నాపబండలు ఎండకు కాలుతున్నాయి.

"నిజంగా వాక్యమేనా సామీ?" అన్నాడు బస్సు కనిపించాక.

"వచ్చే ఆగస్టులో పొద్దుటూరు వచ్చి నాకు ఒకసారి కనపడు నాయనా."

"ఏం, ఎందుకు?"

"ఊరికే. కనపడు."

పై పెద్దలు దైవాధీనాన్ని పిలిచారు. బైబిల్లో ఎన్ని పుస్తకాలని అడిగారు. అరవై ఆరు అన్నాడు. మరి ఎర్రబావిపల్లెలో ఏం చెప్పావని అడిగారు. చెప్పిందే చెప్పానన్నాడు. ఆ రెండింటినీ ఎలా కలుపుతావని అడిగితే కలపలేనన్నాడు. జేబులోని ఆకు తీసి చూపిస్తే సగం నిందైనా తప్పేది. చూపించలేదు. చూపిస్తే లాజరు సంతకం కూడా చూస్తారు. ఆ సంగతి ఎర్రబావిపల్లెకు చేరడానికి ఒక్క రోజు చాలు. ఆయనకు గుడి పోయింది, ఇల్లు పోయింది. ఇన్నాసయ్య కుట్టుమిషను వెనక గది ఇచ్చాడు.

"మేము ఏడు పెట్టుకుంటే తప్పు. నువ్వు ఒకటి పెట్టుకుంటే ఒప్పా?" అని రోజుకొకసారైనా ఎత్తిపొడుస్తాడు ఇన్నాసయ్య. దైవాధీనం నవ్వుతాడు. వాదనకు మాత్రం దిగడు.

మరుసటి ఆగస్టులో ఏసోబు ఒక సంచిలో పచ్చి చెనిక్కాయలు తీసుకొని వచ్చాడు. అతను వెళ్లాక దైవాధీనం రేకుపెట్టె తెరిచి, ఆకు మడత విప్పాడు.

ఏసోబు. ముప్పై ఒకటి.

ఆయన ఆకును గుమ్మంలోని వెలుగుకు పట్టి చూశాడు. ముప్పై అని తాను చదివిన చోటే, ఆ చేతిరాతే, ఆ సిరాయే. పక్కన ఖాళీ మాత్రం అలాగే ఉంది. కింద పదకొండు మంది వయసులూ ఒక్కొక్క ఏడు పెరిగాయి.

అప్పటినుంచి అది ఏటేటా జరిగే పని. ఏసోబు వస్తాడు, చెనిక్కాయలు పెడతాడు, ఎందుకు రమ్మంటున్నాడో తెలియకపోయినా వస్తాడు.

నాలుగో ఏడు ఆగస్టులో రావలసిన రోజు రాలేదు. మధ్యాహ్నం దాటింది. పులివెందుల వైపు మళ్లీ ఏదో గొడవ అయిందని, బస్సులు ఆపారని వీధిలో చెప్పుకుంటున్నారు. దైవాధీనం రేకుపెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మూత మీద చెయ్యి ఉంది. తీయలేకపోతున్నాడు. తీస్తే తెలిసిపోతుంది. మిషను ముందు కూర్చున్న ఇన్నాసయ్య చూసీ చూడనట్టు కుడుతున్నాడు.

నాలుగు గంటలకు సందు మొదట్లో పొడుగాటి నీడ పడింది.

"ముద్దనూరు కాడ బస్సు ఆపేసినారు సామీ. నడిచి నడిచి, లారీ దొరికితే ఎక్కి వస్తి," అంటూ ఏసోబు సంచి దించబోయాడు.

"సంచి తర్వాత. ముందు చెయ్యి చూపించు నాయనా."

"ఏంది?"

"కుడిచెయ్యి."

ఏసోబు నవ్వుతూ చాపాడు. దైవాధీనం ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, ఒక్కొక్క వేలినీ తడిమి చూశాడు. ఐదూ ఉన్నాయి. వెచ్చగా, మట్టి అంటుకొని ఉన్నాయి. అప్పుడు రేకుపెట్టె మూత తీశాడు. మడత విప్పి, వేలు వరస మీద పెట్టాడు.

ఏసోబు. ముప్పై నాలుగు.

పక్కన ఖాళీ ఖాళీగానే ఉంది. ఆయన ఆకు మడిచి లోపల పెట్టి, కళ్లు తుడుచుకోబోతుంటే ఇన్నాసయ్య మిషను ఆపాడు.

"వేలికి ఏంది సామీ అది?"

దైవాధీనం చూసుకున్నాడు. ఆకు వరస మీద పెట్టిన చూపుడువేలి కొసన గోధుమరంగు మరక ఉంది. ఇంకా తడిగా ఉంది.

"సిరా," అన్నాడు.

ఇన్నాసయ్య గదంతా ఒకసారి కలియజూశాడు. మంచం, చాప, చెనిక్కాయల సంచి, రేకుపెట్టె.

"పెన్ను యాడుంది మరి?" అన్నాడు.